కాల్చడానికో ట్రైలర్

ట్రైలర్ అంటే బండి వెనక కట్టి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, ఊరూరా తిరిగి బతికే మా జాతికి కాపురమంతా అందులోనే. మా వాళ్ళలో ఎవరు ట్రైలర్ కొనబోయినా అంబ్రోస్ పెదనాన్నను వెంటబెట్టుకుని వెళ్ళేవారు. కొనేవాడి కళ్ళు బయటి మెరుపు మీద ఉండేవి. వాడి పెళ్ళాం కళ్ళు అద్దాల అల్మరా మీద ఉండేవి. పెదనాన్న మాత్రం తలుపు తీయగానే గడప మీదే ఆగి ఒక్కసారి గట్టిగా గాలి పీల్చేవాడు. అమ్మేవాడు పొద్దున్నుంచీ తలుపులూ కిటికీలూ తెరిచిపెట్టి ఉంచితే ఆయనకు అనుమానం వచ్చేది.

"మూసి ఉంచిన ట్రైలరే నిజం చెబుతుంది. తెరిచి ఆరబెట్టారంటే ఏదో ఆరాల్సింది ఉందన్నమాట" అనేవాడు.

తర్వాత పరుపుల కింద పెట్టెల మూతలెత్తి, మూలల్లోకి చెయ్యి పోనిచ్చి, వేళ్ళ వెనకవైపుతో గోడను తడిమి చూసేవాడు. అరచేయి మొద్దుబారి ఉంటుంది, చెమ్మ తెలియదట. నేల మీద మడమతో నొక్కుకుంటూ ఈ చివర నుంచి ఆ చివర వరకు నడిచేవాడు. ఎక్కడైనా కాలు కాస్త కుంగితే అక్కడితో బేరం అయిపోయినట్టే. కింద కూర్చుని టైర్ల పక్కలు చూసేవాడు. ట్రైలర్ టైర్లు అరిగి పాడవవు, ఒకేచోట నిలబడి ఎండకు పగిలి పాడవుతాయి. గీతలు కొత్తగా ఉన్నాయని మురిసిపోయిన వాళ్ళ టైర్లు పెద్ద రోడ్డు మీద పేలిపోవడం ఆయన చాలాసార్లు చూశాడు.

ఇంకొకటి కూడా చూసేవాడు. గోర్జాలు, అంటే మా జాతి కాని వాళ్ళు, వంట చేసుకునే చోటే, పలచటి చెక్క తలుపు చాటున మరుగుదొడ్డి పెట్టుకుంటారు. మాకు అది మొకాడి, మహా మైల. అందుకని మరుగుదొడ్డి వాడని ట్రైలర్ దొరికితే దాన్ని పీకేసి అక్కడ బట్టల అల్మరా చేసిపెట్టేవాడు. వాడినట్టు కనిపిస్తే, ఎంత మంచిదైనా, చేతులు తుడుచుకుని వచ్చేసేవాడు.

నన్ను పెంచింది ఆయనా, కెజియా పెద్దమ్మా. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న ఉత్తరాదికి పని వెతుక్కుంటూ వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. చలికాలంలో విస్బీచ్ ఊరి దగ్గర ఆగినప్పుడు నన్ను బడికి పంపేవారు. స్ట్రాబెర్రీలు పండగానే మానిపించేవారు. కొన్నేళ్ళకు ఆ పంపడం కూడా ఆగిపోయింది. పెదనాన్న వెంట పికప్‌లో కూర్చుని తిరగడం నాకు బడికన్నా నచ్చింది. నేను ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు, అందుకే ఆయన నన్ను తీసుకెళ్ళేవాడు. వెనక దీపాలు వెలుగుతున్నాయో లేదో చెప్పడం, బండి వెనక్కి తెచ్చేటప్పుడు చెయ్యెత్తి ఆపమనడం నా పని.

ట్రైలర్ లాగడం గురించి ఆయన ఎవరికీ పాఠం చెప్పేవాడు కాదు. తప్పు చేస్తున్న వాడి దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు. ఒకసారి పెద్దమ్మ అన్న కొడుకొకడు నీళ్ళ క్యాన్లు, జనరేటర్, బొగ్గు బస్తా అన్నీ తీసుకెళ్ళి ట్రైలర్ వెనక భాగంలో కుక్కాడు.

"ఏరా, నీ ట్రైలర్‌కి తోక బరువెక్కిందే. కుక్కలా ఆడించుకుంటూ పోతావా?" అన్నాడు పెదనాన్న.

"ముందు పెడితే కొక్కెం మీద బరువు పడుతుంది కదా, పెద మామయ్యా?"

"ఇరుసు మీద పెట్టు. ముక్కు కాస్త కిందికి చూడాలి, అంతే. మరీ వంగకూడదు. సరే, లాగుతున్నప్పుడు ఊగడం మొదలైందనుకో. ఏం చేస్తావు?"

"బ్రేకు తొక్కుతాను."

"తొక్కావంటే వెనకున్నది వచ్చి నీ పక్క సీట్లో కూర్చుంటుంది. కాలు తీసెయ్. చేతులు గట్టిగా పట్టుకో, ఇటూ అటూ తిప్పకు. కాస్సేపటికి దానంతట అదే నిమ్మళిస్తుంది."

వాడు బస్తాలన్నీ దింపి మళ్ళీ సర్దుకున్నాడు. పెదనాన్న చక్రాల నట్లు బిగించి చూసి వెళ్ళొచ్చని చెప్పాడు. కొంచెం దూరం వెళ్ళాక ఆగి మళ్ళీ బిగించుకోమన్నాడు. కొత్తగా వేసిన చక్రం మొదటి మైళ్ళలోనే వదులవుతుందట.

మా ట్రైలర్‌ని చూసి అందరూ అసూయపడేవారు. పొడవైనది, లేత పాల రంగు, కిటికీ అద్దాల మీద చెక్కిన ద్రాక్ష గుత్తులు. పెద్దమ్మ రోజూ బయట వెండిలా మెరిసే నీళ్ళ క్యాన్లను తోమేది. గిన్నెలకో తొట్టి, ముఖానికో తొట్టి, నేల తుడవడానికో తొట్టి, పొరపాటున ఒకదానిలో ఇంకొకటి ముంచితే ఆ తొట్టి బయట పారేసేది. బంగారు అంచుల పింగాణీ పళ్ళాలు గాజు తలుపుల వెనక నిలబెట్టి ఉండేవి, వాటిలో ఎవరూ తినేవారు కాదు. ప్రతి శరదృతువులో పెదనాన్న నిచ్చెన వేసుకుని పైకప్పు అతుకులన్నీ వేలితో తడిమి, ఎండి లేచిన చోట పాత మైనం గీకి కొత్తది పూసేవాడు. మంచు పడకముందే గొట్టాల్లో నీళ్ళు ఖాళీ చేసేవాడు. మూలకాళ్ళను, అంటే ట్రైలర్ కదలకుండా నాలుగు మూలలా దించే ఇనుప కాళ్ళను, దించి నిలబెట్టేవాడే కాని వాటి మీద బరువు ఎత్తనిచ్చేవాడు కాదు. పెద్దమ్మ కింద నిలబడి, "నా వంక అంత శ్రద్ధగా ఎప్పుడైనా చూశావా?" అని అరిచేది.

"నువ్వు వానకు కారవుగా" అనేవాడు పైనుంచి.

ఆ ఏడు ఆపిల్ కోతలకు మేం ఎప్పటిలాగే క్రాప్లీ తోటకు వెళ్ళాం. ముసలి క్రాప్లీ గోర్జాయే అయినా మా వాళ్ళకు తాతల నాటి నుంచీ తెలిసిన రైతు. పెద్దమ్మ బుట్ట నింపడానికి ముందే నిచ్చెన పట్టుకుని ఆగిపోయేది. పట్టుకున్న దగ్గు ఎన్నాళ్ళైనా తగ్గలేదు. ఆసుపత్రిలో ఊపిరితిత్తుల ఫోటోలు తీసి, పెదనాన్నను ఒక గదిలోకి పిలిచి మాట్లాడారు. ఆకులు రాలేదాకా ఉంటే ఎక్కువన్నారట. అక్కడే ఉంచమన్నారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు.

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున టీ తాగుతూ ఆవిడే మాట ఎత్తింది.

"అంబ్రోస్, నాకింకో ట్రైలర్ కావాలి."

"దీనికేమైంది?"

"దీనికేం కాలేదు. నాకే అయింది."

పెదనాన్న కప్పు కింద పెట్టాడు. మా వాళ్ళలో మనిషి పోతే ఆ మనిషిదైన ట్రైలర్‌ని కాల్చేస్తారు. ఆసుపత్రిలో పోయినా, రోడ్డు మీద పోయినా అంతే. బట్టలు, పరుపు, అన్నీ అందులోనే వేస్తారు. పింగాణీ పగలగొడతారు. ఈ రోజుల్లో కొందరు దూరంగా తీసుకెళ్ళి గోర్జాలకు అమ్మేస్తున్నారు. మా కుటుంబంలో అలా ఎవరూ చేయలేదు. పోయినవారి వస్తువు చుట్టూ వాళ్ళు తిరుగుతూనే ఉంటారని, దాన్ని పంపించేస్తేనే వాళ్ళకూ దారి దొరుకుతుందని మా నమ్మకం.

"చిన్నదైనా, పాతదైనా ఏదో ఒకటి చూడు" అంది పెద్దమ్మ. "నేను అందులోకి మారిపోతాను. జాబెజ్ అన్నయ్యను, నలుగురినీ పిలిచి వాళ్ళ ముందు దీన్ని రోడాకి ఇచ్చేస్తాను. అప్పుడిది నాది కాదు. నాతోపాటు కాలేది ఆ పాతది."

నేను పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాను. రోడా అంటే నేనే. వెనక్కి తిరగలేదు.

"నీకు చావడానికి ట్రైలర్ వెతకమంటున్నావా నన్ను?" అన్నాడు పెదనాన్న.

"లోకంలో అందరికీ వెతికిపెట్టావుగా. నాకు మాత్రం వేరేవాణ్ణి మాట్లాడుకోనా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఈ పిల్లకు తల్లి లేదు, తండ్రి ఉన్నా లేనట్టే. పొగ ఆరిపోయాక అది ఎక్కడ పడుకుంటుంది? నువ్వంటే బండిలో కూడా పడుకుంటావు."

ఆయన లేచాడు. టోపీ పెట్టుకుని, నన్ను రమ్మని తల ఊపాడు.

మొదట జాబెజ్ మామయ్య దగ్గరికే వెళ్ళాం. ఆయన పెద్దమ్మకు అన్న, మా వాళ్ళలో ఆచారం ఏదో తేల్చి చెప్పే మనిషి. విషయమంతా విని, "నలుగురి ముందు మాట చెప్పి మారితే చాలు బావా, తప్పేం లేదు. అయినా నువ్వు వెతకడమెందుకు? ఆ వెనక నా పాతది పడి ఉంది, ఊరికే తీసుకుపో" అన్నాడు.

పెదనాన్న వెళ్ళి తలుపు తీసి గడప మీద ఆగాడు. లోపలికి వెళ్ళాడు. మూలలు తడిమాడు. బయటికి వచ్చేసరికి ఆయన వేళ్ళ మీద నల్లటి బూజు ఉంది.

"చెమ్మగా ఉంది బావా."

"ఉంటే? తుడిచి పొయ్యి వెలిగించు."

"గోడ లోపల కట్టె మెత్తబడిపోయింది. పొయ్యి వెలిగిస్తే ఇంకా ఆవిరి లేస్తుంది. కెజియాకు ఆ ఊపిరితిత్తులతో..."

"బావా!" జాబెజ్ మామయ్యకు కోపం వచ్చింది. "నా చెల్లెలు ఉండేది నాలుగు రోజులు. దాన్ని తగలబెట్టడానికి కొంటున్నావా, పందెంలో బహుమతి కొట్టడానికి కొంటున్నావా? తడిసింది కాలదేమోనని భయమా?"

పెదనాన్న చెయ్యి గడ్డిలో తుడుచుకున్నాడు. "నా పెళ్ళాం దగ్గుతూ పోకూడదు" అని మాత్రం అన్నాడు. జాబెజ్ మామయ్య చుట్ట వెలిగించుకున్నాడు.

ఆ తర్వాత ఎన్ని చూశామో నాకు గుర్తు లేదు. ఒకదానిలో నేల కుంగింది. ఒకదానికి కిటికీ చుట్టూ కొత్తగా రంగు వేశారు, రంగు కింద గోరు గుచ్చితే లోపలికి దిగింది. ఇంకొకటి అన్నివిధాలా బాగుంది కాని మరుగుదొడ్డి వాడి ఉన్నారు. ప్రతిసారీ ఆయన నెమ్మదిగా చూసి, అమ్మేవాడికి వస్తానని చెప్పి, పికప్ ఎక్కి కాసేపు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. ఇంటికి రాగానే పెద్దమ్మ దిండ్ల మీద నుంచి అడిగేది.

"ఇవాళేం దోషం దొరికింది?"

"అతుకుల దగ్గర కారుతోంది."

"దోర్డీ, దోర్డీ! అమ్మమ్మా, నా కోసం దేవుడు స్వర్గం కట్టి ఉంచినా ముందు వెళ్ళి మూలలు తడుముతావు నువ్వు."

ఆవిడ నవ్వేది, నవ్వు దగ్గయ్యేది, ఆయన వెళ్ళి వీపు రాసేవాడు. రోజురోజుకూ ఆ వీపు మీద ఎముకలు ఎక్కువ కనిపించేవి.

ఒకరోజు డౌన్‌హామ్ వైపు ఒక పల్లెలో, ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్నదాన్ని చూశాం. మిసెస్ హార్బీ అనే గోర్జా ముసలావిడది. చిన్న తెల్ల ట్రైలర్. తలుపు బిగుసుకుపోయి ఉంటే పెదనాన్న భుజంతో తోశాడు. మూసి ఉన్న గాలిలో పాత గుడ్డల వాసన తప్ప ఇంకేమీ లేదు. మూలలన్నీ పొడిగా ఉన్నాయి. నేల ఎక్కడా కదల్లేదు. పైకప్పు అతుకులకు ఎవరో ఏటా మైనం పూస్తూ వచ్చారు. మరుగుదొడ్డి ఉండాల్సిన చోట చేపలు పట్టే గాలాలు నిలబెట్టి ఉన్నాయి. టైర్లు మాత్రం ఎండి పగిలాయి, అంతే. పెదనాన్న గోడ మీద చెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు. కొన్ని వారాల తర్వాత ఆయన ముఖం మొదటిసారి తేటపడటం చూశాను.

"చాలా బాగా చూసుకున్నారమ్మగారూ" అన్నాడు.

"నేను కాదండీ, మా ఆయన. బిడ్డను చూసుకున్నట్టు చూసుకునేవాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. అప్పటి నుంచి నేను దీని తలుపే తీయలేదు, మనసు రాక."

పెదనాన్న గోడ మీది చెయ్యి తీసేశాడు.

"ఇందులోనే పోయారా?"

"అయ్యో లేదు, ఆసుపత్రిలో. ఎందుకలా అడిగారు?"

"ఊరికేనమ్మా" అని మెట్టు దిగాడు. మళ్ళీ చెబుతానన్నాడు. దారిలో కాలవ పక్కన బండి ఆపి చేతులు కడుక్కున్నాడు, నన్నూ కడుక్కోమన్నాడు.

"చచ్చిన మనిషిది. కాల్చకుండా అలాగే ఉంచేశారు పాపం" అన్నాడు.

నీళ్ళు చల్లగా ఉన్నాయి. మనం కొనేదీ చావు కోసమే కదా పెదనాన్నా అని అడగాలనిపించింది. ఆయన ముఖం చూసి ఊరుకున్నాను.

పెద్దమ్మ ఊరుకోలేదు. సంగతి విని మొదట నమ్మలేనట్టు చూసింది, తర్వాత పగలబడి నవ్వింది, ఊపిరి అందక నా చెయ్యి పట్టుకుంది.

"అంబ్రోస్! నేనేమన్నా పెళ్ళికూతుర్నై అందులో అడుగుపెడుతున్నానా? ఆ ముసలాయన వల్ల నాకేం అంటుకుంటుంది, నేనే ఆయన దగ్గరికి పోతుంటే? పొయ్యి వెలిగించి ఉంచుతాడేమో, వెళ్ళి టీ పెట్టుకుంటాను."

"నవ్వకు" అన్నాడు పెదనాన్న. "చీకట్లో ఆయన అక్కడ తిరుగుతుంటే నీకు నిద్ర పట్టదు. నాకూ పట్టదు."

"నాకిప్పుడు పడుతోందా?"

మర్నాడు మళ్ళీ ఇంకొకటి చూడటానికి వెళ్ళాం. ఆ తర్వాత ఇంకొకటి. మాకు పుట్టుకతో వచ్చిన భయం అది, మంచం పక్కన కూర్చున్నంత మాత్రాన పోదు. అంత మంచి ట్రైలర్ ఆ షెడ్డులో నిలబడే ఉంది, మేం చెమ్మ పట్టినవాటి చుట్టూ తిరిగాం.

తోటలో కోతలు చివరికొచ్చాయి. పెద్దమ్మ ఇక కూర్చోలేకపోయింది. పడుకుంటే ఊపిరాడేది కాదు, అందుకని దిండ్లన్నీ వెనక పేర్చి ఆనించేవాళ్ళం. ఒక పొద్దున ఆవిడ పెదనాన్న చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఈసారి వేళాకోళం లేదు.

"ఆ గోర్జా ముసలాయనదే తీసుకురా. ఇవాళే. నాకిష్టం లేనిదేదీ నువ్వు నా చేత చేయించలేదు ఎప్పుడూ. ఇప్పుడు నీకిష్టం లేనిది నేను చేయమంటున్నాను. ఈ పిల్ల కోసం."

ఆయన నా వంక చూశాడు. "మధ్యాహ్నానికి జాబెజ్‌ని, మిగతా వాళ్ళనీ పిలువు. నేనొచ్చేస్తాను" అన్నాడు. మొదటిసారి నన్ను తీసుకెళ్ళకుండా వెళ్ళాడు.

నేను తోటలోకి వెళ్ళి చెప్పి వచ్చాను. మధ్యాహ్నం భోజనాల వేళకు వస్తామన్నారు. మధ్యాహ్నం దాటింది. వాళ్ళు వచ్చి, పెదనాన్న ఇంకా రాలేదని, పెద్దమ్మ మగతగా పడుకుని ఉందని విని, చివరి వరుస చెట్లు పూర్తిచేసి వస్తామని వెళ్ళారు. తర్వాత తెలిసింది, ఆ పగిలిన టైర్లతో లాగడం కుదరక ఆయన చక్రాలు ఊడదీసి పికప్‌లో వేసుకుని, ఊళ్ళోకి వెళ్ళి కొత్త టైర్లు వేయించాడు. అలా చేయకపోతే దారిలోనే పేలి ఉండేవి. ఆయన చేసింది సరైన పనే.

గాలి పెరిగింది. ట్రైలర్ గోడకు ఆకులు వచ్చి కొట్టుకుంటున్నాయి. పెద్దమ్మ కళ్ళు మూసుకునే అడిగింది.

"వచ్చాడా?"

"వస్తున్నాడు పెద్దమ్మా."

"నువ్వు ఎప్పుడూ అబద్ధం సరిగ్గా చెప్పలేవు." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "నన్ను బయటికి తీసుకెళ్ళు. గడ్డిలో కుర్చీ వెయ్యి."

"గాలిగా ఉంది."

"గాలి నన్నింకేం చేస్తుంది? ఇందులో పోతే ఇది కాలిపోతుంది పిల్లా. బయట కూర్చోబెట్టి, జాబెజ్‌ని కేకెయ్యి. ఆయన ముందు ఒక్క మాట అనేస్తాను, ఇది నీదని. లే, మొండితనం చేయకు."

నేను లేచాను. తలుపు దాకా వెళ్ళాను. ఆవిడ అప్పటికి ఎంత తేలికైపోయిందంటే నేనొక్కదాన్నే ఎత్తుకుని మెట్లు దిగగలను. బయట నీళ్ళ క్యాన్ ఒకటి గాలికి పడి దొర్లుతోంది. తోట చివర్లో మనుషులు చిన్నగా కనిపిస్తున్నారు, కేకేస్తే వినిపించేంత దగ్గర లేరు. దుప్పటి కింద చెయ్యి పెట్టి చూశాను. ఆవిడ పాదాలు మంచుగడ్డల్లా ఉన్నాయి.

తలుపు మూసేశాను. మంచం ఎక్కి ఆవిడ వెనక కూర్చుని, ఊపిరి అందేలా నా గుండెకు ఆనించుకున్నాను. పాదాల మీద నా శాలువా కప్పాను.

"నీకు బుద్ధి లేదు" అంది.

"లేదు పెద్దమ్మా."

"నిన్ను బడికి పంపించి ఉండాల్సింది."

ఆ తర్వాత మాట్లాడలేదు. నా చేతుల్లోనే ఊపిరి నెమ్మదించి, ఒకచోట ఆగిపోయింది. మళ్ళీ మొదలవుతుందేమోనని నేను చాలాసేపు కదలకుండా కూర్చున్నాను.

పికప్ శబ్దం విని కర్టెన్లు మూశాను. ఆ చిన్న తెల్ల ట్రైలర్‌ని వెనక కట్టుకుని పెదనాన్న మలుపు తిరిగి వచ్చాడు. మూసిన కర్టెన్లు చూసి ఇంజన్ ఆపాడు. అలాగే సీట్లో కూర్చుండిపోయాడు. తోటలో నుంచి అందరూ వచ్చారు. ఆడవాళ్ళు ఏడవడం మొదలుపెట్టారు. జాబెజ్ మామయ్య నా దగ్గరికి వచ్చి, "ఏమైనా అందా? ఇది నీదని ఎవరి ముందైనా అందా?" అని అడిగాడు. ఆయన గొంతులో ఆశ ఉంది.

"నాతో అంది. బయటికి తీసుకెళ్ళమంది. నేను తీసుకెళ్ళలేదు."

"ఎందుకే?"

"చలిగా ఉంది మామయ్యా."

పెదనాన్న అప్పటికి వచ్చి మెట్టు దగ్గర నిలబడ్డాడు. అంతా విన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టాడు. "మంచి పని చేశావు" అని లోపలికి వెళ్ళాడు.

పూడ్చేదాకా ఆవిణ్ణి ట్రైలర్‌లోనే ఉంచి, బయట మంట వేసుకుని అందరూ కూర్చున్నారు. చుట్టుపక్కల జిల్లాల నుంచి బంధువులు వచ్చారు. ఆయన చేత ట్రైలర్లు కొనిపించుకున్న వాళ్ళు, లాగడం నేర్చుకున్న వాళ్ళు, ఎవరొచ్చినా పెదనాన్న లేచి నిలబడి చెయ్యి కలిపి మళ్ళీ కూర్చునేవాడు. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు ఆయన్ని పక్కకు పిలిచి, పిల్ల కోసమైనా దాన్ని ఉంచుకోమని, ఎవరూ ఏమీ అనుకోరని చెప్పారు. ఆయన నన్ను అడిగాడు.

"నువ్వు ఉండగలవా అందులో?"

నాకు ఆ మంచం, ఆ దిండ్లు కనిపించాయి. ఆవిడ వెళ్ళడానికి దారి వెతుక్కుంటూ ఉంటే నేను ఆ తలుపు మూసి కూర్చున్నట్టు అనిపించింది. ఉండలేనన్నాను.

సమాధి అయ్యాక ముసలి క్రాప్లీ తన పొలంలో, చెట్లకు దూరంగా, కోసిన మడి ఒకటి చూపించాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

మేనత్తలు పింగాణీ పళ్ళాలను ఒక్కొక్కటే మెట్టు అంచుకు కొట్టి పగలగొట్టారు. పెద్దమ్మ బట్టలు, బూట్లు, దువ్వెన, ఆవిడ తోమిన నీళ్ళ క్యాన్లు కూడా లోపల పెట్టారు. పెదనాన్న మూలకాళ్ళు పైకెత్తాడు. కొక్కేన్ని పికప్ వెనకున్న ఉక్కు బంతి మీద దించి, గొళ్ళెం పడిందో లేదో ఎత్తి చూశాడు. గొలుసు తగిలించాడు. తర్వాత స్పానర్ తీసుకుని చక్రాల నట్లు ఒక్కొక్కటే బిగించాడు.

జాబెజ్ మామయ్య చూడలేకపోయాడు. "ఆ పొలం కనబడుతూనే ఉంది కదా బావా. కాల్చేదానికి నట్లెందుకు?"

"లోపల ఆవిడ సామాన్లున్నాయి" అన్నాడు పెదనాన్న. "రోడా, వెనక్కి వెళ్ళి చూడు. ఎడమ దీపం వెలుగుతోందా?"

"వెలుగుతోంది పెదనాన్నా."

"కుడిది?"

"అదీ వెలుగుతోంది."

నెమ్మదిగా లాక్కెళ్ళాడు. గతుకులున్న చోట ఇంకా నెమ్మదిగా పోనిచ్చాడు. మడి మధ్యలో నిలబెట్టి, విడదీసి, పికప్‌ని దూరంగా పెట్టి వచ్చాడు. గడ్డి, కిరసనాయిలు జాబెజ్ మామయ్య తెచ్చాడు. అగ్గిపుల్ల పెదనాన్నే గీశాడు. ఎక్కడా చెమ్మ లేదు కదా, గబగబా అంటుకుంది. కిటికీ అద్దాలు పగిలాయి. పాల రంగు నల్లబడి ముడుచుకుపోయింది. మేమంతా చివరిదాకా నిలబడ్డాం.

ఇనుము కాలదు. మర్నాటికి చట్రం, ఇరుసు, చక్రాల రిమ్ములు బూడిదలో నిలబడి ఉన్నాయి. మా వాళ్ళలో సగం మంది పాత ఇనుము వ్యాపారులే, ఒక్కరూ దాని వంక చూడలేదు. క్రాప్లీ తన యంత్రంతో గొయ్యి తీయించి పూడ్పించాడు. ఆ మడిని ఆ ఏడు దున్నలేదు.

నన్ను జాబెజ్ మామయ్య కూతుళ్ళు వాళ్ళ ట్రైలర్‌లో పడుకోమన్నారు. పెదనాన్న పికప్ ముందు సీట్లో పడుకునేవాడు. చిన్న తెల్ల ట్రైలర్ పక్కనే ఖాళీగా ఉండేది. దాని మెట్టు కూడా ఎక్కలేదాయన. మా వాళ్ళలో ఎవరూ దాన్ని కొనరు. పెద్దమ్మ మాట కోసం తెచ్చాడు కాని, ఆవిడ లేకుండా దానితో ఆయనకు పని లేదు. కొన్నాళ్ళకు దాన్ని వెనక తగిలించి, నన్నెక్కమన్నాడు.

మిసెస్ హార్బీ ఏప్రన్‌తో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ట్రైలర్‌ని చూసి కంగారుపడింది.

"ఏమైందండీ? కారుతోందా?"

"లేదమ్మగారూ. చాలా బాగుంది. మీ ఆయన బాగా చూసుకున్నాడు."

"మరెందుకు తిరిగి తెచ్చారు?"

"ఎవరి కోసం తీసుకున్నామో ఆవిడకు ఇక అవసరం లేదు."

ఆవిడ ఆయన ముఖం చూసి, డబ్బు తెస్తానని లోపలికి వెళ్ళబోయింది. పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. ట్రైలర్‌ని వెనక్కి తోసి షెడ్డులో పెట్టి, చక్రాలకు చెక్కలు అడ్డం వేశాడు. "కొత్త టైర్లు వేయించాను. నెలకోసారి చక్రం కాస్త తిప్పించండి. ఒకేచోట నిలబడితే మళ్ళీ పగులుతాయి" అని చెప్పాడు. ఆవిడ సరేనంది. మేం వచ్చేస్తుంటే గేటు దగ్గర నిలబడే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు మా బండి వెనక ఏమీ లేదు. అయినా పెదనాన్న పక్క అద్దంలోకి చూస్తూనే ఉన్నాడు. సన్న సందు మలుపు వచ్చింది. ఆయన బండిని రోడ్డుకు అవతలి అంచు దాకా పోనిచ్చి, పొడవైనదేదో వెనక వస్తున్నట్టు విశాలంగా తిప్పాడు. వెనక వస్తున్న కారువాడు ఆగి హారన్ కొట్టి, కిటికీలో నుంచి ఏదో తిట్టి ముందుకు వెళ్ళిపోయాడు. పెదనాన్న వినలేదు. తర్వాతి మలుపు దగ్గరా అలాగే తిప్పాడు.

నేను కిటికీ వైపు జరిగి, వెనక ట్రైలర్ ఉన్నప్పటిలాగే, చక్రం దిగిపోకుండా దారి అంచు చూస్తూ కూర్చున్నాను.